మూడేళ్ళలోపు ఫొటో

డిసెంబరు 1

అత్తయ్యకి,

మేమంతా బాగున్నాం. నీ మోకాలు ఎలా ఉంది? బాగానే ఉందంటావని తెలుసు కాబట్టి జవాబు కోసం ఆగకుండా అసలు సంగతికి వచ్చేస్తున్నాను. ఫోన్లో చెప్దామంటే మీ లాండ్రీలో ఆ ఆవిరి మోతకి నేను క్రిస్మస్ అంటే నువ్వు కమీజు ఎన్నో నంబరంటావు.

ఈ ఏడు క్రిస్మస్‌కి అందరూ మా ఇంటికే. అవును, మా అద్దె ఇంటికే. హాలు చిన్నదే కానీ, మంచం లేపి గోడకి నిలబెడితే పదిమంది సుఖంగా కూర్చోవచ్చని మా ఆయన టేపు పెట్టి మరీ కొలిచాడు. నానమ్మని పెదనాన్న తీసుకొస్తాడు. బాబాయీ పిన్నీ పొద్దున్న రైలుకి దిగుతారు. అమ్మానాన్నలు నాలుగు వీధుల అవతలే కాబట్టి అందరికంటే ఆలస్యంగా వస్తారు.

ఆటలు నడిపించే పని నాది. పోయిన ఏడు పెదనాన్న ఇంట్లో ఏం జరిగిందో నువ్వూ చూశావు. కుర్చీలాటలో పాట మొదలవగానే పెదనాన్న కుర్చీతో సహా లేచాడు. మోసమని బాబాయి కుర్చీ పట్టుకుని లాగాడు. కుర్చీ కాలు విరిగింది. ఆ తర్వాత చెంచాలో నిమ్మకాయ పందెంలో బాబాయి నిమ్మకాయని బంకతో అంటించాడని పెదనాన్న అన్నాడు. ఆ అన్నదమ్ములిద్దరూ మార్చి దాకా మాట్లాడుకోలేదు. "మళ్ళీ ఇలా కొట్టుకునేట్టయితే నన్ను పిలవకండి" అంది నానమ్మ. ఎనభై మూడేళ్ళ మనిషి ఆ మాటంటే నాకు గుండె గుభేలుమంది.

అందుకని ఈసారి పరుగులూ పెనుగులాటలూ లేని ఆట ఒకటి ఆలోచించాను. దాని పేరు "ఈ పాపాయి ఎవరు?" ప్రతివాళ్ళూ తమ మూడేళ్ళలోపు ఫొటో ఒకటి కవర్లో పెట్టి, అంటించి నాకివ్వాలి. కవరు మీద పేరు రాయకూడదు. నేను కూడా విప్పి చూడను. పండగనాడు భోజనాలయ్యాక అందరి ముందూ విప్పి, వరసగా బోర్డుకి గుచ్చుతాం. ఏ పాపాయి ఎవరో అందరూ చీటీల మీద రాయాలి. కూర్చున్న చోటు నుంచి కదలక్కర్లేదు. ఇందులో పోట్లాడుకోవడానికి ఏముంటుంది చెప్పు?

పదో తారీకులోపు నీ ఫొటో పంపెయ్యి.

ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తున్నానని నువ్వే పెట్టిన పేరుతో,
నీ ఎముకల పిల్ల

తా.క. ఫొటో పంపనివాళ్ళు అసలు మన కుటుంబం వాళ్ళే కాదని నానమ్మ చేత నిండు సభలో ప్రకటన చేయిస్తాను. జాగ్రత్త!

———

డిసెంబరు 4

ఎముకల పిల్లకి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. మోకాలు బాగానే ఉంది.

నేను రావడం కుదరదే. క్రిస్మస్ వారంలో లాండ్రీ ఎలా ఉంటుందో నీకు తెలియనిది కాదు. ఏడాదంతా బీరువాలో పడుకున్న కోటుకి మచ్చ ఉందని మనుషులకి సరిగ్గా ఇరవైమూడో తారీకునే గుర్తొస్తుంది. అందరికీ ఇరవైనాలుగు సాయంత్రానికల్లా కావాలి. అలాంటప్పుడు షాపు మూసి రైలెక్కితే వాళ్ళందరూ చొక్కాల్లేకుండా పండగ చేసుకోవాలి.

ఫొటో సంగతి అంటావా, అది లేదు. చెదలు తినేశాయి.

అయినా ఫొటోల ఆట ఏం బాగుంటుంది? పసిపిల్లలందరూ ఒకేలా ఉంటారు. నేనొక ఆట చెబుతాను, రాసుకో. ఏడెనిమిది గుడ్డముక్కలు తీసుకుని ఒక్కోదాని మీద ఒక్కో మరక చెయ్యి. సిరా, కాఫీ, ఇంజను నూనె, షూ పాలిష్, ఇలా. కళ్ళకి గంతలు కట్టి, వాసన చూసి ఏ మరకో చెప్పమను. మహా సరదాగా ఉంటుంది. నేనొస్తే నేనే గెలుస్తాను కాబట్టి నేను రాకపోవడమే మీ అందరికీ న్యాయం.

మీ నానమ్మకి నా నమస్కారం చెప్పు. ఆవిడ శాలువా ఉతికి సిద్ధంగా ఉంచాను, పార్సెల్ చేస్తాను.

ఉంటాను.
అత్తయ్య

తా.క. పోయిన ఏడు కుర్చీలాటలో పెద్దన్నయ్య మోసం చెయ్యలేదు. ఆ పాంటు నేను ఉతికిందే. గంజి ఎక్కువై కుర్చీకి అతుక్కుపోయింది. ఎవరితోనూ అనకు.

———

డిసెంబరు 7

అత్తయ్యా,

చెదలా? మీ ఇంట్లో గోడలు సిమెంటువి, బీరువా ఇనుపది. ఆ చెదలకి పళ్ళు ఏ దంతవైద్యుడు కట్టాడు?

నీకు కోపం వచ్చింది. ఎందుకో కూడా నాకు తెలుసు. అమ్మ స్వెట్టరు మీ షాపులో కుంచించుకుపోయినప్పుడు, "ఫరవాలేదులే, బొమ్మలకి తొడుక్కోవచ్చు" అని అమ్మ అంది కదూ. ఆ రోజు నువ్వు కేకు కూడా ముట్టుకోకుండా రైలెక్కేశావు. అమ్మ తరఫున నేను చెంపలేసుకుంటున్నాను. అమ్మకి నోరు ముందు లేస్తుంది, మనసు పది నిమిషాల తర్వాత లేస్తుంది. దాన్ని పట్టుకుని పండగ మానేస్తావా?

ఇంకో సంగతి. నిన్న పెదనాన్న తన కవరు ఇవ్వడానికి వచ్చాడు. నాన్న కూడా ఇక్కడే ఉన్నాడు. అత్తయ్య ఫొటో లేదంటోంది అన్నాను. పెదనాన్న వెంటనే, "దాని ఫొటో ఎక్కణ్ణుంచి ఉంటుందే, వదిలెయ్" అన్నాడు. అనేసి నాలిక కరుచుకున్నాడు. నాన్న ఆయన వంక అదోలా చూశాడు. ఇద్దరూ తలెత్తి ఫ్యాను కేసి చూడటం మొదలెట్టారు. అత్తయ్యా, ఇది డిసెంబరు. ఫ్యాను తిరగడంలేదు.

ఏదో ఉంది. అది ఏమిటో మీరెవరూ చెప్పరు. సరే, నానమ్మ ట్రంకుపెట్టెలో పాత కాగితాలన్నీ ఉన్నాయి. వచ్చే ఆదివారం వెళ్ళి నీ ఫొటో నేనే అడిగి తెచ్చుకుంటాను. అప్పుడైనా వస్తావా?

నీ ఎముకల పిల్ల

తా.క. ఆ స్వెట్టరు పారెయ్యలేదు. అమ్మ టీ కెటిలుకి తొడిగింది. సరిగ్గా సరిపోయింది. చేతులు కూడా.

———

డిసెంబరు 10

పిల్లా,

మీ నానమ్మని అడగొద్దు. ట్రంకుపెట్టె జోలికి వెళ్ళొద్దు. ముసలావిడని ఎందుకు కదిలిస్తావు?

నా ఫొటో దొరికింది. ఇందులో పెట్టాను. ఇంతటితో ఈ గొడవ వదిలెయ్. బోర్డుకి గుచ్చుకో. నేను మాత్రం రాను, పని ఉంది.

అత్తయ్య

తా.క. బొద్దుగా ఉన్నానని నవ్వకు. అప్పట్లో బాగా తినేదాన్ని.

———

డిసెంబరు 13

అత్తయ్యగారికి,

మీరు పంపిన ఫొటో అందింది. కవర్లో పెట్టి అంటించమని రాశాను. మీరు ఉత్తరం మడతలో పెట్టి పంపారు కాబట్టి చూడవలసి వచ్చింది.

ఇందులో ఉన్న పాపాయి మగపిల్లాడు. ఎలా తెలిసిందని అడక్కండి, వాడికి చొక్కా ఒక్కటే వేశారు. రెండోది, వాడు నోట్లో పెట్టుకుని చీకుతున్నది టీవీ రిమోటు. మూడోది, ఫొటో వెనక ఇలా రాసి ఉంది. "నం. 417, నల్లకోటు, లోపలి జేబు." అక్షరాలు మీవే.

నేను రెండు వారాలుగా ఆసుపత్రి నుంచి రాగానే అట్టముక్కలు కత్తిరిస్తున్నాను, రంగు కాగితాలు అంటిస్తున్నాను. మీకు నా ఆట ఇష్టం లేకపోతే లేదని చెప్పాల్సింది. ఎవడి కోటు జేబులోదో తీసి నా మొహాన కొట్టక్కర్లేదు.

ఆదివారం నానమ్మ దగ్గరికి వెళ్ళాను. మీ ఉత్తరం నాకు ఆ ముందురోజే అందింది. అయినా వెళ్ళాను. అత్తయ్య చిన్నప్పటి ఫొటో ఉందా నానమ్మా అని అడిగాను. కాఫీ తాగుతున్న మనిషి గ్లాసు కింద పెట్టేసింది. "దాని ఫొటో నా దగ్గర లేదు" అంది. మళ్ళీ తనే, "అది వస్తోందా, లేదా? అది చెప్పు ముందు" అంది. రానంటోంది అన్నాను. సాయంత్రం నాలుగింటికే దుప్పటి ముసుగు పెట్టుకుని పడుకుంది. గ్లాసులో సగం కాఫీ అలాగే ఉండిపోయింది. నేను అరగంట ఆ మంచం పక్కనే కూర్చుని వచ్చేశాను.

మీ అందరికీ తెలిసింది నాకొక్కదానికే తెలియదు. పైకి కనబడనిది పట్టుకోవడమే నేను రోజూ చేసే పని అత్తయ్యగారూ. లోపల విరిగినది పైకి వాపులాగే కనిపిస్తుంది. మీ అందరి మొహాల్లోనూ ఆ వాపు కనిపిస్తోంది.

ఇట్లు,
మీ మేనకోడలు

తా.క. 417 కోటాయనకి ఆ ఫొటో తిరిగి ఇచ్చెయ్యండి, ఇందులోనే పెట్టాను. ఆయన ఇంట్లో కూడా ఎవరైనా ఈ ఆట ఆడుతుండవచ్చు.

———

డిసెంబరు 16

పిల్లా,

నన్ను మీరు అన్నావు. అత్తయ్యగారు అన్నావు. నన్నలా పిలిచేది మరక పోలేదని దెబ్బలాటకి వచ్చేవాళ్ళే.

నువ్వు ఏమీ తెలియనట్టు రాశావు. పెద్దన్నయ్య నీకు చెప్పేసే ఉంటాడు. చెప్పకపోతే ఆ మొదటి ఉత్తరం చివర ఆ మాట ఎందుకు రాస్తావు? ఫొటో లేనివాళ్ళు ఈ కుటుంబం వాళ్ళే కాదని, అదీ మా అమ్మ నోటితో, అందరి ముందూ. ఆ మాట చదువుతున్నప్పుడు ఇస్త్రీపెట్టె నా చేతిలోనే ఉంది. అలాగే ఉండిపోయాను. ఒక పెళ్ళికొడుకు తెల్ల పాంటు మీద ఓడ ఆకారంలో మచ్చ పడింది. ముప్పై ఏళ్ళలో నేను కాల్చిన మొదటి గుడ్డ అదే.

సరే, నీకు తెలిసినా తెలియకపోయినా నా నోటితో విను.

నేను ఆ ఇంటికి వచ్చేసరికి నాకు ఐదేళ్ళు. మీ నానమ్మ అప్పట్లో ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పనిచేసేది. నేను పిల్లల వార్డులో జ్వరంతో ఉన్నాను. జ్వరం తగ్గింది, నన్ను తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. నన్ను చేర్పించినవాళ్ళు రాయించిన అడ్రసులో ఎవరూ లేరు. నేను దుప్పట్ల బండి వెనకాల తిరుగుతూ ఆవిడకి పిన్నులు అందించేదాన్ని. క్రిస్మస్‌కి రెండు రోజులు ఇంటికి తీసుకెళ్తానని పెద్ద నర్సుని అడిగి తీసుకొచ్చింది. ఆ రెండు రోజులు యాభై ఏళ్ళు అయ్యాయి.

పెద్దన్నయ్యకి అప్పుడు పదేళ్ళు, మీ నాన్నకి ఎనిమిది. వాళ్ళకి తెలుసు. తమ్ముడు ఆ తర్వాత పుట్టినవాడు, వాడికి తెలియదు. ఆ ఇంట్లో ఈ మాట ఎవరూ ఎత్తలేదు. మీ నానమ్మ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అడిగితే ఆవిడ ఏదో ఒకటి చెప్పాలి కదా. చెప్పింది విన్నాక మళ్ళీ విననట్టు ఉండటం కుదరదు. అందుకని అడగలేదు.

ఐదేళ్ళ ముందు నాకు మొహం ఎలా ఉండేదో నాకే తెలియదు. ఇంక నీ బోర్డుకి ఏం గుచ్చను? జేబుల్లో మిగిలిపోయినవన్నీ వేసే డబ్బా ఒకటి షాపులో ఉంది. అందులో వెతికి వెతికి ఆ రిమోటు పిల్లాణ్ణి తీశాను. వెనక రాసింది చూసుకోలేదు. చత్వారం.

ఇప్పుడు నువ్వు అమ్మని అడిగావు. ఆవిడ ముసుగు పెట్టుకుంది. నేను భయపడింది దీనికే. నేను రాను. నన్ను వదిలెయ్యండి.

అత్తయ్య

తా.క. ఈసారి ఏమీ లేదు.

———

డిసెంబరు 18

అత్తయ్యా, అత్తయ్యా, అత్తయ్యా,

నాకు తెలియదు. ఒట్టు. నాకు ఎవరూ చెప్పలేదు. ఆ తాజాకలంలోది ఉత్తుత్తి మాట. ఏదో ఒక బెదిరింపు ఉండాలి కదా అని, తోచింది రాసేశాను. రాసి నవ్వుకున్నాను కూడా. ఇప్పుడు ఆ కాగితం వెనక్కి తెచ్చుకుని నమిలి మింగెయ్యాలని ఉంది.

నీ ఉత్తరం ఎక్స్‌రే గదిలో చదివాను. బయట ఎర్రదీపం వెలిగించి తలుపేసుకుని ఏడ్చాను. లోపల ఎవరికో పరీక్ష జరుగుతోందని జనం పావుగంట నిలబడ్డారు.

ఆట రద్దు. బోర్డు విరగ్గొట్టెయ్యమని మా ఆయనకి చెప్పాను. కవర్లు విప్పకుండా ముందు పెట్టి, ఎవరిది వాళ్ళనే గుర్తుపట్టి తీసుకోమంటాను. నీ మరకల ఆటే ఆడదాం. షూ పాలిష్ కొన్నాను. నువ్వు రా. ఇంకేమీ అడగను.

నీ ఎముకల పిల్ల

తా.క. నేను ఇంకెప్పుడూ తాజాకలం రాయను. ఇదే ఆఖరుది.

———

డిసెంబరు 20

ఎముకల పిల్లకి,

ఏడుపు ఆపు. ఎక్స్‌రే బొమ్మల మీద కన్నీళ్ళు పడితే లేనిపోని ఎముకలు విరిగినట్టు కనిపిస్తాయి.

నీకు తెలియదని నమ్ముతున్నాను. నేనే తొందరపడ్డాను.

కానీ ఆట రద్దు చెయ్యకు. ఆలోచించు. అందరూ కవర్లు ఇచ్చేశారు. ఇప్పుడు రద్దంటే ఎందుకని అడుగుతారు. నీకు అబద్ధం చెప్పడం రాదు, నీ చెవులు ఎర్రబడతాయి. తమ్ముడు తవ్వుతాడు. పెద్దన్నయ్య ఫ్యాను కేసి చూస్తాడు. చివరికి అంతా తిరిగి నా దగ్గరికే వస్తుంది. ఆట ఆడండి. నాది లేదు, అంతే. ఒక గడి ఖాళీగా ఉంటే ఇల్లు కూలిపోదు.

నేను వస్తున్నాను. అమ్మ సగం కాఫీ వదిలేసిందని రాశావు. ఆ మాట మింగుడుపడటం లేదు. ఇరవైనాలుగు సాయంత్రం ఆఖరి కోటు ఇచ్చేసి, పొద్దున్న బండికి బయల్దేరతాను. సాయంత్రం ఆరున్నర బండికి వెళ్ళిపోతాను.

ఒక్క షరతు. నన్ను మీరు అనకూడదు.

అత్తయ్య

తా.క. 417 కోటాయన వచ్చాడు. ఫొటో ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, ఈ పిల్లాడెవరో నాకు తెలియదన్నాడు. కోటు మాత్రం ఆయనదే. పక్కనే వాళ్ళావిడ ఉంది. వాళ్ళ ఇంట్లో ఈ పండగ ఎలా జరుగుతుందో దేవుడికే తెలియాలి.

———

డిసెంబరు 26

ఎముకల పిల్లకి బోలెడు ఆశీస్సులు.

క్షేమంగా చేరాను. నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చేసరికి నేను బండెక్కేశాను. ఈపాటికి మీ నాన్న ఒకలా, బాబాయి ఒకలా చెప్పి ఉంటారు. ఎవరి మాటా నమ్మకు. జరిగింది జరిగినట్టు నేను రాస్తున్నాను.

భోజనాలు ముగుస్తుండగా నీకు కబురొచ్చింది కదా, ఎవరో మెట్ల మీంచి పడ్డారని. నువ్వు చెయ్యి కడుక్కుని, కవర్ల కట్ట తెచ్చి నా ఒళ్ళో పడేసి, "అత్తయ్యా, నువ్వే నడిపించు" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయావు. ఇంతమందిలో నీకు నేనే దొరికానా అనుకున్నాను. ఎదురుగా అమ్మ. పొద్దున్నుంచీ నాతో సరిగ్గా మాట్లాడలేదు. "వచ్చావా" అని ఒక్క మాట అంది, అంతే. శాలువా కప్పితే కప్పించుకుంది.

మొదటి కవరు విప్పాను. మీ ఆయన. ఆ చెవులు చూడగానే అందరూ ఒక్కసారే అరిచారు. చీటీలు రాసేదాకా కూడా ఆగలేదు. నవ్వులు.

రెండో కవరు. గళ్ళ టోపీ పెట్టుకున్న పాపాయి. చేతిలో రబ్బరు బాతు, కింద రెండు పళ్ళు. బోర్డుకి గుచ్చాను. పెద్దన్నయ్య మీసాల్లో నవ్వుకుంటున్నాడు.

మూడో కవరు విప్పాను. అదే పాపాయి. అదే టోపీ, అదే బాతు. పొరపాటున ఎవరో రెండు పెట్టారనుకుని దాన్నీ గుచ్చాను. నవ్వులు తగ్గాయి.

నాలుగో కవరు. మళ్ళీ అదే బాతు.

పిల్లా, నేను ఇంక బోర్డుకి గుచ్చలేదు. నా గురించి తెలిసి ఎవరో వేళాకోళం చేస్తున్నారనుకున్నాను. కవర్లు కింద పడేసి స్టేషనుకి వెళ్ళిపోదామనుకున్నాను. అంతలో పెద్దన్నయ్య లేచాడు.

"నా ఫొటోకి కాపీలు ఎవరు తీయించారు?"

"నీ ఫొటో ఏమిటి? అది నేను" అన్నాడు మీ నాన్న.

"ఇద్దరూ కూర్చోండి" అన్నాడు తమ్ముడు. "అది నేను. నలభై ఏళ్ళుగా నా దగ్గరే ఉంది. పర్సులో పెట్టుకుని తిరుగుతాను. కావాలంటే మీ మరదల్ని అడగండి."

"నీ పర్సులోకి ఎలా వచ్చింది? అమ్మ నా చేతికిచ్చింది. ఎవరూ చూడకుండా ఇచ్చింది. తమ్ముళ్ళకి లేదు, చూపిస్తే ఏడుస్తారు, దాచుకో అంది" అన్నాడు పెద్దన్నయ్య.

మీ నాన్న మొహం పాలిపోయింది. "నాకూ అదే చెప్పింది. అన్నకి లేదు, చూపిస్తే ఏడుస్తాడు అంది."

"అన్నయ్యలకి లేదు అంది నాతో" అన్నాడు తమ్ముడు.

అర్థమైందా? ముగ్గురూ ఇన్నేళ్ళూ అమ్మకి తనొక్కడే ముద్దు, తనొక్కడికే ఫొటో ఉంది అనుకుంటూ, మిగతావాళ్ళ మీద జాలిపడుతూ బతికారు. నా ఫొటో ఉండదని పెద్దన్నయ్య నీతో అన్నదీ అందుకే. తనకి తప్ప ఇంకెవరికీ ఉండదని వాడి ధీమా. నేనేమో ఆ ఒక్క మాట పట్టుకుని పదిరోజులు అన్నం సహించక తిరిగాను.

ముగ్గురూ అమ్మ వైపు తిరిగారు. ఆవిడ కేకు ముక్క చిన్న చిన్నగా తుంచుకుని తింటోంది.

"అమ్మా, ఇది మాలో ఎవరు?"

"ఎవరూ కాదు" అంది. "ఫ్రేముతో పాటు వచ్చింది."

అమ్మ నోట్లోది మింగి, నీళ్ళు తాగి, అప్పుడు చెప్పింది. "పెద్దాడు బళ్ళో ఎవడిదో ఫొటో చూసొచ్చి, నాదేదని మూడు రోజులు అన్నం మానేశాడు. మీకు ఫొటోలు ఎక్కడ తీయించాను? ఫ్రేముల కొట్లో అమ్మే ఫ్రేములో ఒక పిల్లాడి బొమ్మ పెట్టి ఉంది. కొని, ఆ బొమ్మ తీసి ఇదే నువ్వురా అన్నాను. నమ్మాడు. తర్వాత రెండోవాడు ఏడ్చాడు. అదే కొట్టు, అదే ఫ్రేము. నాలుగేళ్ళు పోయాక చిన్నాడు. ఆ కొట్టువాడు ఇంకా బొమ్మ మార్చలేదు. నేనేం చెయ్యను?"

"ముగ్గురికీ కొన్నావు" అన్నాను. ఆ మాట నేనే అన్నానని అన్నాక తెలిసింది. యాభై ఏళ్ళు లోపల దాచింది గుండుసూదులు పట్టుకుని నిలబడి అడిగేశాను. "నాకెందుకు కొనలేదమ్మా?"

మీ నాన్న నా భుజం పట్టుకున్నాడు. పెద్దన్నయ్య ఫ్యాను కేసి చూశాడు. అమ్మ నన్ను తేరిపార చూసింది.

"నీకా? ఐదేళ్ళదానివి వచ్చావు. వచ్చిన మొదటి రోజే, దుప్పట్లు లెక్కపెట్టడంలో తప్పు చేశానని నన్ను దిద్దావు. ఈ ముగ్గురూ ఏమిచ్చినా నమ్మే రకం. నీకిస్తే వెనక్కి తిప్పి కొట్టు పేరు చదివి ఉండేదానివి. నీ దగ్గర అబద్ధం ఆడటానికి నాకెప్పుడూ ధైర్యం చాల్లేదే." శాలువా అంచు సర్దుకుని మళ్ళీ అంది. "ఆ పిల్ల వచ్చి నీ ఫొటో అడిగితే, ఒక్కటైనా తీయించలేకపోయానే అనిపించింది. నువ్వు రానన్నావని విన్నాను. నామీద కోపమనుకున్నాను."

అప్పుడు తమ్ముడు లేచాడు.

"ఉండండి, ఉండండి. ఐదేళ్ళదానివి వచ్చావంటే? అక్క ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఆసుపత్రి నుంచి" అంది అమ్మ.

"అందరూ అక్కణ్ణుంచే వస్తారు కదా!"

"ఐదేళ్ళకా?" అన్నాడు పెద్దన్నయ్య, నెమ్మదిగా.

తమ్ముడు నన్ను చూశాడు, అమ్మని చూశాడు, అన్నలిద్దర్నీ చూశాడు. వాడికి మెల్లగా అర్థమవడం నాకు కనిపిస్తూనే ఉంది. కుర్చీలో కూలబడ్డాడు. నలభై ఎనిమిదేళ్ళవాడు. నేను ఎత్తుకుని పెంచినవాడు. వాడు ఏమంటాడోనని చూస్తున్నాను. పర్సు తీశాడు. ఫొటో ఇచ్చేశాక అందులో ఖాళీగా ఉన్న అర వంక చూసుకున్నాడు.

"అక్క సంగతి తర్వాత" అన్నాడు. "అక్క అక్కే, అది ఎక్కడికీ పోదు. ముందు నలభై ఏళ్ళు నా పర్సులో కూర్చున్న వెధవ ఎవడో తేల్చండి!"

ముందు అమ్మ నవ్వింది. అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నవ్వి నవ్వి దగ్గు వచ్చి, మీ ఆయన నీళ్ళు తేవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎవరినీ ఆపడం కుదరలేదు. మీ కింది వాటావాళ్ళు వచ్చి అంతా బాగానే ఉందా అని అడిగి వెళ్ళారు.

బండికి ముందు నేను గిన్నెలు కడుగుతుంటే తమ్ముడు వచ్చి తుడవడానికి గుడ్డ తీసుకున్నాడు. వాడి పెళ్ళాం కూడా చూడని దృశ్యం అది.

"నీకెప్పట్నుంచి తెలుసక్కా?"

"మొదట్నుంచీ. ఐదేళ్ళ పిల్లకి తెలియదేమిట్రా?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడగలేదు."

ఒకే పళ్ళేన్ని మూడుసార్లు తుడిచాడు. "అయితే అక్కా, నన్ను కూడా ఎక్కణ్ణుంచైనా తెచ్చారేమో ఒకసారి అమ్మని కనుక్కో. నేనడిగితే ఏ ఫ్రేమో చూపిస్తుంది" అన్నాడు. తడిచేత్తోనే వీపు మీద ఒక్కటిచ్చాను.

అమ్మ నాతో వచ్చేసింది. అవును, ఇక్కడే ఉంది. ఆరున్నర బండికి నేను సంచీ తీసుకుంటుంటే, "రెండు రోజులు నీ దగ్గర ఉంటాను" అని తనూ సంచీ పట్టుకుని లేచింది. ఇప్పుడు కౌంటరు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళందరి జేబులూ తనిఖీ చేస్తోంది. వ్యాపారం సగం పడిపోయింది.

తీరిక చేసుకుని రా.

నీ అత్తయ్య

తా.క. ఒక ముఖ్యమైన సంగతి. ఆ గలాభాలో మిగతా కవర్లు ఎవరికీ పట్టలేదు. వెళ్ళేముందు నేనే విప్పి గుచ్చాను. అందులో మీ అమ్మది ఉంది. రెండు జడలు, నిజమైన ఫొటో, వెనక పేరూ తేదీ అన్నీ ఉన్నాయి. ఎవరీ పాపాయి అని మీ నాన్నని అడిగాను. కళ్ళజోడు పెట్టుకుని, దగ్గరికెళ్ళి, బాగా చూసి, "ఈ మొహం నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు. మీ అమ్మ సరిగ్గా వెనకాలే నిలబడి ఉంది. నాలుగు రోజులు వాళ్ళింటికి భోజనానికి వెళ్ళకు.